పిలక తిరిగిన అక్షరం

ఆ పిలక తనదే. అందులో కన్నప్పకు గోరంత అనుమానం కూడా లేదు.

పెళ్లి పత్రికను కిటికీ దగ్గరికి పట్టుకుపోయి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఎర్రటి అట్ట మీద బంగారు రంగు తెలుగు అక్షరాలు. ఒక్కో అక్షరం నెత్తిన ఒక్కో పిలక. లోకంలో అందరూ ఆ పిలకను కుడి పక్కకు, పైకి ఎగరేసి వదిలేస్తారు. కన్నప్ప ఒక్కడే దాన్ని వెనక్కి తిప్పి, లోపలికి చుట్టి, కొనను మళ్లీ అక్షరం నెత్తి మీదనే ఆనిస్తాడు. పెళ్లి పత్రికలో ఏదీ సూదిలాగా పొడుచుకొని ఉండకూడదని అతని పట్టుదల. మాటలో చివరి అక్షరం కొసను మాత్రం సాగదీసి, రెండాకులూ ఒక మొగ్గా వేసి, తీగలాగా పారనిస్తాడు. ఆ తీగ కూడా ఇక్కడ ఉంది. మొగ్గతో సహా ఉంది.

"ఎవురు రాసినారే దీన్ని?" అని అడిగాడు.

సింధుజ కంప్యూటర్ మీది నుంచి తల తిప్పలేదు. ఆమె కన్నప్ప అక్క కూతురు. గుడియాత్తం బజారులో పత్రికలు అచ్చేసే కొట్టులో డిజైన్లు చేస్తుంది. "ఎవురూ రాయలా మామా. అది ఫాంటు," అంది.

"ఫాంటంటే?"

"అచ్చరాలన్నీ ముందే చేసి కంప్యూటర్లో పెట్టేసుంటారు. మనం మీట నొక్కితే వచ్చి పడతాయి. ఇట్ట చూడు."

మీట నొక్కింది. తెర మీద ఒక అక్షరం పడింది. మళ్లీ నొక్కింది, మళ్లీ నొక్కింది. వరసగా పది పడ్డాయి. పదీ ఒకటే అచ్చు. నలభై ఏళ్లలో కన్నప్ప చెయ్యి ఏ రెండు అక్షరాలనూ ఒక్కలాగా వేసిన పాపాన పోలేదు.

"ఆ పొట్టచ్చరం కొట్టు," అన్నాడు.

పొట్టక్షరమంటే 'ర'. కన్నప్పకు తెలుగు అక్షరాల పేర్లు తెలియవు, తాను పెట్టుకున్న పేర్లే తెలుసు. సింధుజ కొట్టింది. పొట్ట అడుగున వెంట్రుకంత తెల్ల గీత కనబడింది. కన్నప్ప దాన్ని గుర్తుపట్టాడు. రెండేళ్ల కిందట వెదురు కలం మొన చీలిపోయి పడ్డ గీత అది. ఏ కాగితం మీద పడిందో, ఆ కాగితం ఎవరు పట్టుకుపోయారో కూడా జ్ఞాపకం వచ్చేసింది. వేలూరు నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. చదువుకు కావాలయ్యా అన్నాడు. వరండాలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, రెండు లోటాల కాఫీ తాగి, మొత్తం అక్షరాలన్నీ ఆర్టు కాగితాల మీద రాయించుకున్నాడు. చీలిక పడిందప్పా, ఇంకొకటి రాసిస్తానుండు అంటే, "పరవాలేదయ్యా, అదే అందం," అన్నాడు. పోయేటప్పుడు కాళ్లకు దండం కూడా పెట్టాడు.

"నా కలం చీలికను గూడా ఇడిసిపెట్టలేదు గదే, దొంగనాయాలు!"

"మామా, కొట్లో కస్టమర్లుండారు."

"ఉండనీ! వినాల్సిందే అందురూ. ఏం పేరు పెట్టినాడు దీనికి?"

సింధుజ తెర మీద ఏదో తెరిచి ఇంగ్లీషులో చూసి చెప్పింది. "యువరాణి. చేసింది పార్థిబన్, వేలూరు."

"యువరాణా! ఎవురికి పుట్టిందంట ఆ యువరాణి?"

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. కన్నప్పకు తెలుగు చదవడం రాదు. మాట్లాడేది తెలుగే, తిట్టేది తెలుగే, నిద్రలో ఉలిక్కిపడి అరిచేదీ తెలుగే. ఊరు అరవదేశంలో ఉంది కాబట్టి బడిలో నేర్చింది మాత్రం అరవం. ఆ ఊళ్లో మగ్గం మీద బతికే తెలుగిళ్లన్నిటి సంగతీ అంతే. అయినా పెళ్లి పత్రిక నెత్తిన తెలుగు పడకపోతే ఇంట్లో ముసలమ్మలు ఊరుకోరు. కింద ముహూర్తమూ మండపమూ చుట్టాల పేర్లూ అరవంలో ఉంటాయి. పైన మాత్రం 'శ్రీరస్తు' అనో 'కల్యాణ పత్రిక' అనో పెద్దగా తెలుగులో ఉండాలి. ఎప్పుడో ఒక అయ్యవారు రాసిచ్చిన నోటుబుక్కు కన్నప్ప దగ్గర ఉంది. అందులో అక్షరాలూ ఉన్నాయి, పెళ్లి మాటలూ ఉన్నాయి. చూసి బొమ్మ వేసినట్టు వేస్తాడు. వేసేవాడు చదవలేడు, వేయించుకునేవాడు చదవలేడు, పత్రిక అందుకున్నవాడూ చదవలేడు. అందరూ దాన్ని వేలితో తడిమి, "భలే ఉండాదప్పా," అంటారు. ఆ ఒక్క మాట కోసమే కన్నప్ప నలభై ఏళ్లు వెదురు చెక్కాడు.

ఇప్పుడు చేతిలో ఉన్నది లుంగీల వ్యాపారి హేమనాథ్ కూతురి పెళ్లి పత్రిక. ఆ ఇంట్లో రెండు తరాల పత్రికలు కన్నప్ప చేతివే. ఇవాళ వస్తాడు, రేపొస్తాడని పది రోజులుగా కలం చెక్కి పెట్టుకుని కూర్చున్నాడు. హేమనాథ్ రాలేదు. కన్నప్ప అక్షరం మాత్రం కన్నప్ప లేకుండానే వచ్చేసింది.

"యాడుంటాడు వాడు? అడ్రసు రాసియ్యి," అన్నాడు.

"పొయ్యి ఏం చేస్తావు మామా?"

"నా పేరు యాడ పెట్టినాడో చూపించమంటా."

*

మరునాడు, గురువారం, పొద్దున బస్సుకే బయలుదేరాడు. తుండుగుడ్డలో వెదురు కలమూ సిరా బుడ్డీ నోటుబుక్కూ చుట్టుకున్నాడు. దారి పొడుగునా, లత్తేరి ఊరు దాటాక కూడా, అనబోయే మాటలను నోట్లో నమిలి పదును పెట్టుకుంటూనే ఉన్నాడు. పక్క సీటు ఆయన రెండుసార్లు, "ఎన్నంగ? నన్నేమైనా అన్నారా?" అని అడిగాడు.

వేలూరులో ఆ సందు నిండా వైద్యానికి వచ్చేవాళ్ల లాడ్జీలే. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లు మెట్ల మీద, తిన్నెల మీద ఎక్స్‌రే కవర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. పార్థిబన్ ఆఫీసు మేడ మీద. కింద ఒక స్కాన్ సెంటరు. కన్నప్ప మెట్లెక్కబోయి ఆగిపోయాడు. స్కాన్ సెంటరు తలుపు పక్కన తెల్ల బోర్డు, దాని మీద నీలం రంగులో అవే అక్షరాలు. అదే పిలక, అదే తీగ.

ఏం రాసి ఉందో అతనికి తెలియదు. ఎవరి చేతి రాతో మాత్రం తెలుసు.

బోర్డు ముందు ఒకామె నిలబడి తలెత్తి చూస్తోంది. నలభై దాటిన మనిషి, ఎర్ర రవిక, చంకలో గుడ్డ సంచి. పెదవులు మెల్లగా కదుపుతోంది. వేలితో గాలిలో ఆ వంపును గీసి చూసుకుంటోంది. కన్నప్పకు అంత కోపంలోనూ ప్రాణం లేచివచ్చింది. పరాయి ఊరి మనిషి కూడా నిలబడి మెచ్చుకుంటోందే అనుకున్నాడు. ఛాతీ విరుచుకుని మెట్లెక్కాడు.

పార్థిబన్ చూడగానే లేచి వచ్చి మళ్లీ కాళ్లకు దండం పెట్టాడు. అక్కడే కన్నప్పకు ఒళ్లు మండింది. తిట్టడానికి వచ్చినవాడి కాళ్లు పట్టుకుంటే వాడు ఎట్లా తిట్టేది? కుర్చీ వేశారు, టీ వచ్చింది. పార్థిబన్ అరవం మాట్లాడుతూ మధ్యమధ్య వచ్చీరాని తెలుగు కలిపాడు. కన్నప్ప తెలుగు మాట్లాడుతూ అరవంలోకి జారాడు. గోడ నిండా బొమ్మలు. నగల అంగడి బోర్డు, పట్టుచీరల సంచి, ఊరగాయ సీసా మీది కాగితం, ఏదో గుడి ఉత్సవం పోస్టరు. అన్నిటి నెత్తినా యువరాణి.

"చూడండయ్యా, మీ చెయ్యి ఎంత దూరం పోయిందో," అన్నాడు పార్థిబన్. "ఇది హెడ్డింగు అక్షరం. ఒకటి రెండు మాటలకే. పెద్ద సైజులో పెట్టాలి, చుట్టూ ఖాళీ వదలాలి. చిన్నది చేస్తే తీగలన్నీ కలిసిపోతాయి. పెళ్లి, నగలు, చీరలు... శుభమైనదానికి దీన్ని మించింది లేదు."

"నా అచ్చరం గురించి నాకే పాటం చెప్తావా? నా పేరు యాడుండాది, అది చెప్పు."

"అక్షరం ఒకరి సొత్తు కాదు కదయ్యా. తరతరాలుగా వస్తున్నదే."

కన్నప్ప తుండుగుడ్డ విప్పాడు. బల్ల మీద కాగితం పరిచాడు. కలాన్ని సిరాలో ముంచి, బుడ్డి అంచుకు రాసి, ఊపిరి బిగపట్టి ఒక్క అక్షరం వేశాడు. పిలకను పైకి లేపి, వెనక్కి తిప్పి, లోపలికి చుట్టి ఆనించాడు. ఆ కాగితాన్ని తెర పక్కన పెట్టి పట్టుకున్నాడు. పని చేసుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలు కూడా లేచివచ్చి చూశారు.

"ఈ మాదిరి పిలకను లోపలికి తిప్పేవోడు ఈ భూమ్మీద ఇంకొకడుంటే పిలుచుకోనిరా. నేను ఇట్నే ఎనిక్కి పోతా."

పార్థిబన్ తెరను చూశాడు, కాగితాన్ని చూశాడు, ఆడపిల్లల మొహాలు చూశాడు. తర్వాత నవ్వు తెచ్చుకుని, "తప్పే అయ్యా. మీకొక శాలువా కప్పి, ఫోటో తీసి, అందరికీ తెలిసేటట్టు పెడతాను," అన్నాడు.

"గుడ్డలు నేసే ఊర్నుంచి వచ్చినోడికి శాలువా కప్పుతావా?" కన్నప్ప బల్ల మీద చరిచాడు. టీ గ్లాసు ఎగిరిపడింది. "నా ఇంట్లో కూసోని, నా కాఫీ తాగి, చదువుకని చెప్పి రాయించుకొనొచ్చినావు! నా చీలికను గూడా ఎత్తుకొనొచ్చినావు! పేరు పెట్టేదానికి మాత్రం నోరు రాలేదా? నాకేమీ వద్దు. ఆ అచ్చరం యాడికి పోతే ఆడికి నా పేరు పోవాల. అంతే."

చాలాసేపు వాదించి చివరికి పార్థిబన్ దిగివచ్చాడు. ఒక కాగితం తయారు చేస్తానన్నాడు. ఈ అక్షరాలన్నీ నా చేతివే, వీటి రూపానికి పూచీ నాదే, ఎవరేమడిగినా జవాబుదారీ నేనే అని కన్నప్ప సంతకం పెట్టాలి. పెడితే ఫాంటు పేరే 'కన్నప్ప యువరాణి' అని మార్చేస్తానన్నాడు. పూచీ మాట విని భయపడి వెనక్కి తగ్గుతాడని వాడి ఆలోచన కావచ్చు.

"పెడతా. పది సంతకాలైనా పెడతా," అన్నాడు కన్నప్ప. "నా బిడ్డకు నేను పూచీ పడకపోతే ఎవురు పడతారు?"

"సరింగయ్యా. రేపు రండి."

*

శుక్రవారం నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నిన్నటి తుండుగుడ్డ మూటనే చంకన పెట్టుకున్నాడు. బస్సులో పక్కవాళ్లతో తానే మాట కలిపి, వేలూరులో చిన్న పని ఉండాది, సంతకం పెట్టి రావాల అని ఇద్దరికి చెప్పాడు. సందు మొదట్లోకి వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. స్కాన్ సెంటరు ముందు నలుగురు గుమిగూడి ఉన్నారు. లోపలి నుంచి ఒక అమ్మాయి గొంతు అరవంలో గట్టిగా వినబడుతోంది.

నిన్నటి ఎర్ర రవిక మనిషే గడప దగ్గర నిలబడి ఉంది. పక్కన ఆమె మొగుడు డొక్క పట్టుకుని గోడకు ఒరిగిపోయి ఉన్నాడు. మొహం పాలిపోయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కౌంటర్లో అమ్మాయి, మెడలో మోహన అని పేరు వేసిన అట్ట, చెయ్యి చాపి బోర్డు చూపిస్తోంది.

"నిన్నా ఇంతే, ఇవాళా ఇంతే! తిని రావద్దని మీ తెలుగులోనే రాసి పెట్టాం కదా? చదువు రాదా మీకు?"

అరవం అర్థం కాక ఆ మనిషి చుట్టూ చూసింది. "ఏమంటా ఉండాది నాయనా ఈ పాప? ఎవురన్నా చెప్పండి. పీలేరు కాడ నుంచి వచ్చినాం. నా పేరు మునియమ్మ. మా ఆయన చిన్నరాజు పేరు చీటీలో ఉండాది చూడండి, కడుపులో ఒకటే నొప్పి. స్కాను చూడందే మందు రాయనన్నాడు డాక్టరు. నిన్న పొమ్మనింది, ఈ పొద్దూ పొమ్మంటా ఉండాది."

కన్నప్ప జనాన్ని తోసుకుని ముందుకు పోయాడు. నిన్న గెలిచిన పొగరు ఇంకా ఒంట్లోనే ఉంది. పైగా ఎదురుగా తెలుగు మనిషి. "ఏమ్మా, ఎందుకట్ట అరుస్తా ఉండావు?" అని మోహనను అరవంలో కసిరాడు. "రోగంతో వచ్చినోళ్లను చదువు రాదా అంటావా? నోటితో నాలుగు మాటలు చెప్పేదానికి ఏం అరిగిపోతాది నీకు?"

"చెప్పాం సార్! 'సాప్పిట్టాచా?' అని నోటికి చెయ్యి చూపించి రెండు రోజులూ అడిగాను. తిన్నావా అంటే తిన్నానని తల ఊపుతాడు. తింటే ఈ స్కాన్ తీయకూడదు. నాకు తెలుగు రాదు, అందుకే బోర్డు పెట్టించాం."

కన్నప్ప మునియమ్మ వైపు తిరిగాడు. "ఎందుకు తినిపించినావమ్మా? తినగూడదంట."

మునియమ్మ నోరు తెరుచుకుని చూసింది. తర్వాత ఆ మొహం ఎర్రబడింది. "తినగూడదా? ఎవురు చెప్పినారు? నేను సదువు రానిదాన్ని కాదన్నా, అయిదో తరగతి సదివినా. నిన్న అరగంట నిలబడి కూడబలుక్కొని సదివినా ఆ బోర్డుని. తిని రా అని కదా రాసి పెట్టినారు? పాపం ఈ మనిషి వద్దు వద్దంటా ఉంటే, రాసుండాదయ్యా తినాలంట అని రెండిడ్లీలు నోట్లో కుక్కి పిలుచుకొనొచ్చినా. తిన్నదంతా దోవలో కక్కుకున్నాడు!"

"తిని రా అనా?"

"తిని రా అనే! రా, సూడు."

ఆమె కన్నప్ప చెయ్యి పట్టుకుని బోర్డు ముందుకు లాక్కుపోయింది. వేలు పైకెత్తి ఒక్కొక్క అక్షరం మీద ఆనించింది. "ఇది 'తి'. ఇది 'ని'. ఇది 'రా'. తిని రా. తరవాత ఏదో పూలతీగ ఏసినారు."

చిన్నరాజు గోడకు ఒరిగిన చోటు నుంచే నీరసంగా, "పోనీలేమ్మే, పోదాం పా," అన్నాడు. ఆ మాటతో కన్నప్పకు ఎక్కడ లేని కోపమూ వచ్చింది. "పోనిచ్చేదేంది? ఎవుడు రాసినాడు దీన్ని? తినగూడదనేదాన్ని తినమని రాసే గుడ్డినాయాలు ఎవుడు? పిలవండి వాణ్ని!"

అనేశాడు. అన్న మరుక్షణం అతని కళ్లు మునియమ్మ వేలి కింద ఉన్న అక్షరం మీద పడ్డాయి. దాని నెత్తిన పిలక, వెనక్కి తిరిగి, లోపలికి చుట్టి, చక్కగా ఆనుకుని ఉంది.

మెల్లగా అడిగాడు. "అమ్మా... ఇది 'ని' అని ఎట్ట చెప్తావు?"

"నెత్తిన గుడి ఉండాది కదన్నా. గుడుంటే 'ని'. గుడి లేకుండా తలకట్టుంటే 'న'. తలకట్టు పైకి లేసి ఉంటాది, ఇట్ట." గాలిలో కుడి పక్కకు గీసింది. "ఇది మూసుకోని గుండ్రంగా ఉండాది. గుడే ఇది."

పిలకకు తలకట్టు అని పేరుందని కన్నప్ప ఆ పొద్దే విన్నాడు. గుడి అని ఇంకొకటి ఉందనీ, రెంటికీ మధ్య ఒక మనిషి తినడానికీ తినకపోవడానికీ ఉన్నంత తేడా ఉందనీ ఆ పొద్దే విన్నాడు.

"మరి ఆ తీగ..." అన్నాడు, "అది తీగ గాదు. అదీ ఒక అచ్చరమే. కొసను సాగదీసినా."

మునియమ్మ కళ్లు చిట్లించి చూసింది. ఆకులను ఒక్కొక్కటే వేలితో తప్పించింది. "ఓరి దేవుడో. 'దు'! తినరాదు!" ఆమె వేలు అక్కడే ఆగిపోయింది. "సాగదీసినానంటావు? అంటే నువ్వా రాసింది?"

చుట్టూ నలుగురూ వింటున్నారు. కన్నప్ప తుండుగుడ్డలోంచి నోటుబుక్కు తీశాడు. తప్పు తనది కాదేమో, ఆ అయ్యవారిదేమో అని చిన్న ఆశ. మునియమ్మ పేజీలు తిప్పింది. 'శ్రీరస్తు', 'కల్యాణ పత్రిక'. పాత సిరా వెలిసిపోయి ఉంది కానీ తలకట్లన్నీ పైకి లేచి, కుడి పక్కకు, తెరుచుకునే ఉన్నాయి.

"ఈయన సరిగానే రాసిచ్చినాడు కదన్నా," అంది. "నువ్వే తిప్పినావు."

"అందంగా ఉంటాదని తిప్పినా."

"రాసింతరవాత ఒకసారి సదువుకోలేదా నాయనా?"

కన్నప్ప తల దించుకున్నాడు. నిన్న బల్ల చరిచిన చెయ్యి ఇప్పుడు తుండుగుడ్డ కొసను నలుపుతోంది. "నాకు సదవను రాదమ్మా," అన్నాడు.

మునియమ్మ వెనక్కి తిరిగింది. తిట్టి ఉంటే బాగుండేది. చిన్నరాజు దగ్గరికి పోయి అతన్ని తిన్నె మీద కూర్చోబెట్టి, కొంగుతో మొహం తుడిచింది.

*

మొదట చేయాల్సింది ఏమిటో కన్నప్పకు తెలిసింది. మోహన దగ్గరికి పోయాడు. ఈసారి గొంతు ఎత్తలేదు. "పాపా, వాళ్లు తప్పు సదవలేదు. బోర్డే తప్పు. ఆ మనిషి తిన్నది కూడా కక్కేసినాడు. మళ్లా రేపు అనొద్దమ్మా." మోహన లోపలికి పోయి డాక్టరును అడిగి వచ్చింది. పొద్దున ఏడున్నరకు తిన్నాడు కాబట్టి రెండు దాకా ఏమీ ముట్టకుండా ఉంటే ఇవాళే తీస్తారంది. కన్నప్ప పోయి ఆ మాట తెలుగులో చెప్పాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు చెప్పాడు.

తర్వాత మెట్లెక్కి పార్థిబన్ ముందు నిలబడ్డాడు. పార్థిబన్ బల్ల మీద కాగితం సిద్ధంగా పెట్టి, పెన్ను మూత తీసి పట్టుకున్నాడు.

"కిందికి రా," అన్నాడు కన్నప్ప.

"సంతకం అయ్యా..."

"కిందికి రా అంటా ఉండా!"

బోర్డు ముందు నిలబెట్టి అంతా చెప్పాడు. పార్థిబన్ మొహం మాడిపోయింది. "నాకూ తెలుగు చదవడం రాదు కదయ్యా. స్కాన్ సెంటరు వాళ్లే ఎవరి చేతో రాయించి తెచ్చారు, అందంగా ఉండాలన్నారు, పెట్టాను."

"నువ్వే కదప్పా నిన్న పాటం చెప్పినావు? పెండ్లికి, నగలకు, చీరకు అని? హెడ్డింగుకే అని? తెలిసిండీ రోగిష్టోళ్ల నెత్తిన పెట్టినావే! ఆకులూ మొగ్గలూ సూసేదానికి వస్తారా వాళ్లు ఈడికి?"

పార్థిబన్ అటూ ఇటూ చూసి, కన్నప్ప భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. గొంతు తగ్గించాడు. "అయ్యా, గొడవెందుకు? ఈ బోర్డు మార్చేస్తాను. ఆ కాగితం చించేద్దాం. మీ పేరు ఎక్కడా లేదు కదా, ఈ అక్షరం మీదని ఎవరికీ తెలియదు. ఇంకా ఎన్ని చోట్ల ఏమేం తప్పుగా చదివారో! మీకెందుకు ఆ తలనొప్పి? హాయిగా ఇంటికి వెళ్లండి."

నిన్న పేరు పెట్టమంటే పూచీ చూపించి భయపెట్టినవాడు, ఇవాళ పూచీ వచ్చి మీద పడేసరికి పేరు లేకపోవడమే మేలని బుజ్జగిస్తున్నాడు. కన్నప్ప భుజం మీది చెయ్యిని తీసి పక్కన పెట్టాడు.

"ఆ కాగితం తెప్పించు. తెల్ల స్టిక్కరు షీటు ఒకటి, నల్ల పెయింటు, ఒక కుంచె గూడా తెప్పించు."

అన్నీ వచ్చాయి. పార్థిబన్ చేతే స్టిక్కరు షీటును ఆ వరస మీద అతికింపజేశాడు. యువరాణి తెల్లగా మూతపడింది. కన్నప్ప సంతకం కాగితాన్ని తిరగేసి, పెన్నుతో సహా మునియమ్మ ముందు పెట్టాడు.

"అమ్మా, నీ చేత్తో రాసియ్యి. తినగూడదని."

"నా రాత కోడి గెలికినట్టుంటాదన్నా."

"అట్టే కావాల. రాయమ్మా."

ఆమె తిన్నె మీద కాగితం పెట్టుకుని, నాలుక కొన బయట పెట్టి, అయిదో తరగతి పిల్లలాగా ఒత్తి ఒత్తి రాసింది. నాలుగు అక్షరాలు. కన్నప్ప దాన్ని ఎడమ చేత్తో పట్టుకుని స్టూలు ఎక్కాడు. నిలువునా, లావుగా, ఆమె రాసినట్టే వేశాడు. 'న' దగ్గర చెయ్యి అలవాటుగా పైకి లేచి వెనక్కి తిరగబోయింది. కాగితం పట్టుకున్న ఎడమ చేత్తోనే మణికట్టు పట్టుకుని ఆపాడు. తలకట్టును కుడి పక్కకు, పైకి లాగి, తెరిచి వదిలేశాడు. కొస సూదిలాగా పొడుచుకొని ఉంది. ఉండనిచ్చాడు. చివరి అక్షరానికి ఆకులు లేవు, మొగ్గ లేదు.

కిందికి దిగి, పెయింటు చేత్తోనే పెన్ను తీసుకుని కాగితాన్ని మళ్లీ తిరగేశాడు. అరవంలో పూర్తి పేరు, ఊరు పేరు రాసి సంతకం పెట్టాడు. నల్లటి వేలిముద్ర కూడా పక్కనే పడింది.

"ఇంద. పెట్టు నా పేరు," అన్నాడు పార్థిబన్‌తో. "కింద ఒక మాట రాయి. ఇది పెండ్లి పత్రికల మీది అచ్చరం, ఆస్పత్రిలో, మందుల మీద పెట్టొద్దు, పిలక తిప్పింది కన్నప్ప తప్పు అని. ఇది కొనుక్కున్నోళ్లందరికీ పంపించు. ఎవురన్నా ఏమన్నా అంటే గుడియాత్తం పంపించు. తిట్లు నేను తింటా."

"పేరుతో తప్పు కూడానా అయ్యా?"

"నాదని నిన్న బల్ల గుద్ది చెప్పినా కదా. ఈ పొద్దు కాదంటే నేనూ నీ మాదిరోణ్ణే అవుతా."

పార్థిబన్ కాగితం పట్టుకుని మెట్లెక్కిపోయాడు. వాడు ఆ మాట రాస్తాడో లేదోనని కన్నప్పకు అనుమానం లేకపోలేదు. రాయకపోతే మళ్లీ వస్తాడు. గుడియాత్తం నుంచి బస్సులకు కొదవ లేదు.

రెండు గంటలకు చిన్నరాజును లోపలికి పిలిచారు. మునియమ్మ బయట తిన్నె మీద ఉండిపోయింది. ఆమెకు కొంచెం ఎడంగా కన్నప్ప కూర్చున్నాడు. అతనూ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. అప్పుడే లాడ్జీ వైపు నుంచి ఇంకో తెలుగు కుటుంబం వచ్చి, ముసలాయన ఒకడు బోర్డు ముందు ఆగి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. కన్నప్ప తిన్నె మీది నుంచి సగం లేచాడు. మునియమ్మ అది గమనించింది. ఆ ముసలాయన కంటే ముందే, బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు, వేలు చూపిస్తూ గట్టిగా చదివింది.

"తి... న... రా... దు."

నలభై ఏళ్లలో తన చేత్తో రాసినదాన్ని ఒకరు పైకి చదవగా కన్నప్ప వినడం అదే మొదలు.

"ఇంకొక తూరి సదువమ్మా," అన్నాడు.